సగం గ్లాసు చాయ్

మా అత్తమ్మ పోయింది. మేడ్చల్‌లో నేను పనిచేసే ల్యాబుకు పొద్దున్నే మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ ఇగ లేదు" అన్నాడు, అంతే. దవాఖానా నుంచి ఇంటికి తెచ్చి వారం కూడా కాలేదు. జవహర్‌నగర్ దాకా బస్సులో ఏడుస్తూనే వచ్చాను. మా కాలనీ మలుపు తిరగగానే చెత్త గుట్టల వాసన గుప్పుమంది. ఆమె బతికుంటే ముక్కు కూడా మూసుకోకుండా "వచ్చిండే మన సుట్టం" అనేది. అది గుర్తొచ్చి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఈమె గురించి నలుగురికీ చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

మీలో ఎవరికీ ఆమె తెలియదు. పేపర్లో ఫోటో పడ్డ మనిషి కాదు. కుత్బుల్లాపూర్‌లో ఒక మందుల కంపెనీలో మాత్రలు ప్యాక్ చేసింది. మోకాళ్లు మొరాయించాక ఇంట్లో కూర్చుంది. ఊరికే కూర్చోవడం చేతకాక చదవడం మొదలుపెట్టింది. పుస్తకాలు మా వీధి చివర పాత సామాన్ల కొట్టు నుంచి వచ్చేవి. తూకానికి వచ్చిన కాగితాల్లోంచి ఏరుకునేది. చాలావాటికి అట్ట ఉండేది కాదు. అట్ట లేదు కాబట్టి పేరూ లేదు, రాసినవాళ్లెవరో అసలే తెలియదు. అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం. బావి పుస్తకం, ఇద్దరక్కల పుస్తకం, రైలు పుస్తకం.

"పేరు తెల్వకుంటెనే మంచిది బిడ్డా. ఎవ్వలో పెద్దోల్లు రాసిండ్రని భయపడే పనుండది" అనేది.

నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఒకరోజు కూరగాయలు తరుగుతున్నాను. అరుగు మీద నుంచి ఆమె గొంతు వినిపించింది. "గీ పిల్లకు బుద్ధి లేదే. వాడు రెండు తీపి మాటలు జెప్పంగనే నమ్మి ఎన్కవడి పోయింది. ఒక్కపారి నాతానకు తోలియ్యుమను, నేను జెప్త." పక్కింటి అమ్మాయి లేచిపోయిందనుకుని కత్తి పక్కన పడేసి పరుగెత్తాను. చూస్తే ఒళ్లో పుస్తకం. నా మొహం చూసి ఆమె నవ్విన నవ్వు వీధంతా వినబడింది.

ఇంకోసారి శామీర్‌పేటలో చుట్టాలను చూసి దేవరయాంజాల్‌లో ఒక పెళ్లికి బయలుదేరింది. బస్సులో చదువుతూ చదువుతూ, ఆపుకోలేక పక్క సీటావిడకు ఆ కథ చెప్పడం మొదలుపెట్టిందట. చెబుతూ ఈమె స్టాపు దాటిపోయింది, వింటూ ఆవిడ కూడా దాటిపోయింది. ఇద్దరూ కలిసి ఆటోలో వెనక్కి వచ్చారు. పెళ్లికి ఆలస్యంగా వెళ్లినందుకు ఆమెకు కొంచెం కూడా సిగ్గులేదు. "ఆమెకు గూడ నా లెక్కనే కోపమొచ్చింది ఆ మొగునిమీద" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది.

మా చర్చిలో, మేము మందిరం అంటాం, ఆదివారం పూట సాక్ష్యం చెప్పే సమయం ఉంటుంది. జ్వరం తగ్గిందనో, పనిదొరికిందనో, దేవుడు తమకు చేసిన మేలును లేచి నిలబడి చెప్తారు. ఒక ఆదివారం అత్తమ్మ లేచింది. "అందరికి వందనాలు. ఈ వారం నేనొక పుస్తకం సదివిన" అంది. పాస్టర్ అయ్యగారు తలెత్తి చూశారు. అది బావి పుస్తకం. అన్నదమ్ములిద్దరు కొట్లాడుకుని, ఇంటి మధ్య బావికి కూడా అడ్డంగా గోడ కట్టుకునే కథ. "అది సదివినంక నాకు నిద్ర పట్టలే. మా చెల్లెకు ఫోన్ జేసిన. శానేండ్లయింది మేము మాట్లాడుకోక. గిది గూడ సాక్ష్యమే గద" అని కూర్చుంది. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు.

చర్చి వ్యవహారాలు చూసే సంఘ పెద్దకు మాత్రం నచ్చలేదు. బయటికి వచ్చాక ఆమెను ఆపాడు. "చెల్లె, మందిరంల బైబిల్ తప్ప వేరే పుస్తకం ముచ్చట ఏంది?"

ఆమె వాదించలేదు. "నిజమే అన్నా. మందిరంల వద్దు. శుక్రారం కూడిక మా ఇంట్లనే గద. ప్రార్థన అయినంక చాయ్ తాగుకుంట మాట్లాడుకుందాం."

అలా మొదలైంది. శుక్రవారం పాటలు, వాక్యం, ప్రార్థన అయిపోయాక అత్తమ్మ చాయ్ కేటిలి పట్టుకుని వచ్చేది. ఆ వారం పుస్తకం ఎవరు తీసుకెళ్లారో వాళ్ల ముందు నిలబడి, "నీకేమనిపించింది?" అని అడిగేది. "బాగుంది పిన్నీ" అంటే సగం గ్లాసు పోసి ఆపేసేది. "కూర గూడ బాగుంటది, సీర గూడ బాగుంటది. ఎందుకు బాగుంది?" ఎందుకో చెబితే గ్లాసు నిండేది. నచ్చలేదని చెప్పినా, ఎందుకు నచ్చలేదో చెబితే నిండు గ్లాసే. ఎవరో అన్నమాట తెచ్చి చెబితే మాత్రం ఊరుకునేది కాదు. "ఆయనకేమనిపించిందో ఆయన్నే అడుగుత తియ్యి. నీ సంగతి జెప్పు." ఒకసారి అయ్యగారికి కూడా సగమే దక్కింది. ఆయన నవ్వి తాగేశారు.

సంఘ పెద్ద ప్రతి వారం వచ్చేవాడు. ప్రతి వారం అదే మాట. "నాకు పుస్తకమంటే బైబిలొక్కటే." ప్రతి వారం సగం గ్లాసు. ఏ శుక్రవారమూ మానలేదు, ఏనాడూ ఇంకొంచెం పోయమని అడగలేదు.

కుట్టుమిషన్ అక్క చదివింది. రాత్రి డ్యూటీ చేసే వాచ్‌మెన్ అన్న చదివాడు. మా కాలనీ పేరు చెబితే ముక్కు మూసుకునేవాళ్లు మా ల్యాబులో కూడా ఉన్నారు. వాళ్ల ముందు నేను మా శుక్రవారాల గురించి గొప్పలు పోయేదాన్ని. మీ అపార్ట్‌మెంట్‌లో ఒక నవల మీద ఎప్పుడైనా కొట్లాడుకున్నారా అని అడిగేదాన్ని. అత్తలమీద చాడీలు చెప్పుకునే చోట నేను మా అత్తమ్మ అభిప్రాయాలు చెప్పుకున్నాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది, దాచుకోను.

ఈ వానాకాలం ఆమె దవాఖానాలో పడింది. శుక్రవారం కూడికలు ఆగలేదు. చాయ్ నేనే పోశాను. కానీ ఎవరూ నోరు విప్పలేదు. తాగి, గ్లాసులు కింద పెట్టి, "అత్తమ్మకెట్లుందమ్మా" అని అడిగి వెళ్లిపోయేవారు. ఒకరోజు ఆమె మంచం మీద నుంచే అడిగింది.

"పుస్తకం ముచ్చట అయితాందా బిడ్డా?"

ఆమె దగ్గర అబద్ధం చెల్లదు. "లేదత్తమ్మా. చాయ్ తాగి పోతున్నరు."

ఆమె మెల్లగా అంది. "అంటే ఇన్నొద్దులు నా మొకం జూసి మాట్లాడిండ్రా?"

రోగం కంటే అదే ఆమెను ఎక్కువ నొప్పించిందని నాకు తెలుసు. ఆ అనుమానంతోనే వెళ్లిపోయింది.

జ్ఞాపకార్థ కూడిక మా ఇంటి ముందు టెంటు కింద జరిగింది. ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. మంచి మనిషి అన్నారు. ప్రార్థనాపరురాలు అన్నారు. పెద్ద మనసు అన్నారు. అందరి మాటా నిజమే. కానీ నాకు లోపల మండుతోంది. ఇవన్నీ సగం గ్లాసు మాటలు. ఆమె ఉంటే ఎందుకు మంచిదో చెప్పమని అడిగేది. నేను చాయ్ కేటిలి పట్టుకుని వెనక నిలబడ్డాను. ఇగ ఇంతే, ఆమె భయపడ్డదే నిజమైంది అనుకున్నాను.

చివరికి సంఘ పెద్ద లేచాడు. చేతిలో బైబిల్‌తో పాటు అట్టలేని పుస్తకం ఒకటి ఉంది.

"నేను గీ రైలు పుస్తకం సదివిన. చెల్లె దవాఖాన్ల ఉన్నప్పుడు ఆమెనే అడిగి తెచ్చుకున్న. పెండ్లికి పోయే ఆమె నడుమ స్టేషన్ల దిగి, మల్ల రైలెక్కది. ఇంటికి పోది. చెల్లె ఏమన్నది? దిగి మంచి పని జేసిందన్నది. చెల్లె జెప్పింది తప్పు."

చచ్చిపోయిన మనిషిని ఎదురుగా ఫోటో పెట్టుకుని తప్పంటున్నాడు.

"దిగుడు తప్పు గాదు. చెప్పకుంట దిగుడు తప్పు. మా తమ్ముడు గట్లనే పోయిండు. మా అమ్మ సచ్చేదాక రాత్రి తలుపుకు గొళ్లెం పెట్టనియ్యలే. ఎన్కకున్నోల్ల సంగతి ఈ పుస్తకంల ఒక్క ముక్క లేదు. అందుకే నాకు నచ్చలే."

వెంటనే కుట్టుమిషన్ అక్క లేచింది. "చెప్తే పోనిస్తరా అన్నా? ఏ ఇంట్లనన్న పోనిచ్చిండ్రా?" వాచ్‌మెన్ అన్న మధ్యలో అందుకున్నాడు. వెనక కుర్చీల్లోంచి ఇంకెవరో అడ్డం తగిలారు. అందరి గొంతులూ ఒక్కసారే లేచాయి. అయ్యగారు బైబిల్ మూసి, నవ్వుతూ కూర్చుండిపోయారు. ఆ గోల వింటుంటే నాకు ఒళ్లు పులకరించింది. అత్తమ్మా, నీ మొహం చూసి కాదు, విను, అని ఫోటో వైపు తిరిగి చెప్పాలనిపించింది.

చాయ్ కేటిలి తీసుకుని నేరుగా సంఘ పెద్ద దగ్గరికి వెళ్లాను. ఆయన కుట్టుమిషన్ అక్కకు జవాబు చెబుతూనే గ్లాసు చాపాడు. పోశాను. సగానికి రాగానే అలవాటు కొద్దీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చాయ్ ధార నేలమీద పడింది.

"పట్టు మామా, ఇంకా ఉంది" అన్నాను.

ఆయన మాట ఆపి గ్లాసు వైపు చూశాడు. మళ్లీ చాపాడు, ఈసారి రెండు చేతులతో.