గాలిమోటరు ఎక్కని అక్క

నా చిన్నప్పుడు, నిజాం కాలం చివరి రోజుల్లో, జడ్చర్ల దగ్గరి మా ఊరి మీదుగా ఎప్పుడన్నా విమానం పోతే పనులు విడిచి చూసేవాళ్లం. దాన్ని గాలిమోటరు అనేవాళ్లం. అది ఎక్కే అదృష్టం మా పెద్దమ్మ బిడ్డకు వచ్చింది. హైదరాబాదులో కొలువు చేసే మా మేనమామ బెంగుళూరులో పెళ్లికి గాలిమోటరులో పోతూ, ఇద్దరు మేనకోడళ్లలో పెద్దదని అక్కను తీసుకుపోతానన్నాడు. నా పేరే ఎత్తలేదు.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. అక్క పట్టులంగా మడిచి పెట్టుకుంటుంటే ఒళ్లు మండేది. ప్రయాణానికి ముందురోజు ఆమెను పక్కకు పిలిచి, "గాలిమోటరు పడితే ఎముకలు గూడ దొరకవంట అక్కా. మొన్ననే ఒకటి పడ్డదంట" అన్నాను. నాకెవరూ చెప్పలేదు. అప్పటికప్పుడు అల్లిన మాట.

తెల్లారి, హైదరాబాదులో గాలిమోటరు ఎక్కించడానికి మామ కారుతో వచ్చేసరికి అక్క ఎక్కనని తలుపు పట్టుకుని ఏడ్చింది. మామ నవ్వి, "సరే తియ్, నేల మీదనే పోదాం" అని కారును బెంగుళూరు దిక్కు తిప్పాడు. నా సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ముందు సీట్లో కూర్చున్న అక్కను చూసి మళ్లీ కుళ్లుకున్నాను.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. అడ్డమొచ్చిన ఎడ్లబండిని తప్పించబోయి కారు రోడ్డు పక్క గుంతలోకి దొర్లిందట. అక్క చెయ్యి విరిగింది. అమ్మతో కలిసి మహబూబునగరు దవాఖానకు పోయాను. అందరూ అక్క చుట్టే చేరి బత్తాయిలు ఒలిచి పెడుతున్నారు. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, అప్పుడు కూడా నాకు అసూయ కలిగింది. ఆ అసూయకు నాకే భయమేసింది. బయట నుదుటికి కట్టుతో కూర్చున్న మామ దగ్గరికి పోయి, ఏడుస్తూ అంతా చెప్పేశాను.

మామ కోప్పడలేదు. "నేను గూడ కారే భద్రమనుకున్న బిడ్డా. రోజూ ఎక్కేది గద, భయముండది. గీ తొవ్వ మీద ఎంతమందికి కాళ్లు చేతులు ఇరిగినయో ఎవరన్న చెప్పుకుంటరా? గాలిమోటరు ఒక్కటి పడితే దేశమంతా చెప్పుకుంటరు" అన్నాడు. మళ్లీ, "నువ్వు అక్కకేమైతదో అన్న ఫికరుతోటి చెప్పినవా, ఓర్వలేక చెప్పినవా? గది పోయి దానికే చెప్పు" అని లోపలికి పంపాడు.

చెప్పాను. అక్క మెల్లగా, "నన్ను గూడ తీస్కపో అని మామను అడగకపోతివి?" అంది. అడగవచ్చని నాకు తోచనే లేదు.

ఇన్నేళ్లయినా, ఎవరైనా దూరం పోతున్నామంటే 'భద్రం' అనబోయి ఒక్క క్షణం ఆగుతాను. ఆ మాట వాళ్ల మీది ప్రేమతో వస్తున్నదా, వాళ్లకు దక్కింది నాకు దక్కలేదని వస్తున్నదా అని చూసుకుంటాను. రెండోదైతే నోరు మూసుకుంటాను.