పైపులో వదిలిన దారం

గోడకు డ్రిల్లు పెట్టగానే ముందు సున్నం రాలుతుంది, తరువాత సిమెంటు, ఆ తరువాత ఎర్రటి ఇటుక పొడి. ఆ పొడి వాసన ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు వరహాలు మేస్త్రి గుర్తొస్తారు. గుర్తొచ్చిన వెంటనే కడుపులో పాత మంట రాజుకుంటుంది. నర్సీపట్నంలో సీసీ కెమెరాలు బిగించే పనిలో నాకు పదహారేళ్ళు నిండాయి. సొంత షాపు ఉంది, బోర్డు మీద నా పేరుంది. ఆయన పోయి ఏడాది దాటింది. అయినా ఆయన మీద నా కుళ్ళు చావలేదు. పోయినవాళ్ళ గురించి మంచి మాటలే రాయాలంటారు. నేను ముందు నిజం రాస్తాను, మంచి ఉంటే అందులోనే వస్తుంది.

అప్పట్లో ఇద్దరం ఒకే షాపులో పనిచేసేవాళ్ళం. నేను డిప్లొమా చదివినవాణ్ణి. కెమెరా ఏ మూల పెట్టాలో, రికార్డరు ఎలా సెట్ చేయాలో, ఇంటివాళ్ళ ఫోనులో బొమ్మ ఎలా రప్పించాలో అన్నీ నాకే తెలుసు. వరహాలు గారిది కోటవురట్ల దగ్గర పల్లె. తాపీ పని చేసి చేసి నడుం పట్టేసి, పరంజా ఎక్కలేక, గోడల్లోంచి నెట్‌వర్క్ కేబుళ్ళు లాగే పనికి మా షాపులో చేరారు. కెమెరాకూ రికార్డరుకూ తేడా తెలియని మనిషి. గోడ సంగతి మాత్రం ఆయనకు తెలిసినంత దాన్ని కట్టినవాడికి కూడా తెలియదు.

మొదటిసారి నా కడుపు మండింది ఒక రిటైర్డు టీచరుగారింట్లో. కొత్తగా రంగులు వేయించిన ఇల్లు. నేనైతే గోడ మీద తెల్ల ప్లాస్టిక్ పట్టీ కొట్టి, అందులో కేబులు పెట్టి గంటలో ముగించేవాణ్ణి. ఆయన వేలి కణుపులతో గోడను తట్టుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ ఉన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

“ఏటి మేస్త్రీ, గోడకి జొరం సూస్తన్నారా?” అన్నాను.

“ఇక్కడ డొల్లగా పలుకుతంది సూడు బాబూ,” అని ఆయన టీచరుగారి వైపు తిరిగారు. “అమ్మా, ఇక్కడ ముందర గూడు గానీ ఉండేదా?”

ఆవిడ ఆశ్చర్యపోయారు. మామగారి కాలంలో ఉండేదట, తరువాత మూయించారట. మేస్త్రి ఆ డొల్లలోంచే కేబులు దింపి, తలుపు చట్రం వెనక నుంచి నడిపించి బయటికి తీశారు. బయటి గోడకు పెట్టిన బెజ్జం కూడా, వాన నీరు లోపలికి జారకుండా బయటివైపుకు వాలుగా పెట్టారు. అంతా అయ్యాక టీచరుగారు చుట్టూ చూసి, “వైరేదండీ? ఇంకా వెయ్యలేదా?” అని అడిగారు. మేస్త్రి నవ్వారు. కాఫీ వచ్చింది, మొదటి గ్లాసు ఆయనకు. నాలుగు కెమెరాలూ ఆవిడ ఫోనులో కనబడేలా చేసింది నేను. ఆవిడ మాత్రం ఫోను పక్కన పడేసి గోడ నిమిరి చూసుకుంటున్నారు. నా గ్లాసులో కాఫీ చల్లారిపోయింది.

ఆ తరువాత షాపుకు ఫోను చేసే ప్రతివాళ్ళదీ ఒకే మాట, “వరహాలు గారినే పంపండి” అని. నేను ‘ఆయనతో వచ్చే ఆ కుర్రోడు’. కుళ్ళుకుంటూనే ఆయన పని నేర్చుకోవాలని చూశాను. ఆయన చూడనప్పుడు గోడలు తట్టి వినేవాణ్ణి. ఎక్కడ తట్టినా నా చెవికి ఒకటే చప్పుడు.

ఆయనకో అలవాటుండేది. పైపులో కేబులు లాగేటప్పుడు దానితో పాటు ఒక నీలం నైలాన్ దారం కూడా లాగి, రెండు చివర్లా గోడ పెట్టెల్లో ఉన్న మేకులకు ముడి వేసి వదిలేవారు. రేపు ఎవరైనా ఇంకో కేబులు వేయాలంటే, దాన్ని ఈ దారానికి కట్టి అవతల నుంచి లాగితే చాలు.

“మన పని అయిపోనాది కదా మేస్త్రీ. ఎనకొచ్చినోడి బాధ మనకేటి?” అన్నానోసారి.

“ఎవుడో ఒకడు వస్తాడు కదా. ఆడి సేత గోడ బద్దలుకొట్టించడం ఎందుకు బాబూ?” అన్నారు ముడి బిగిస్తూ.

ఆ ముడి విచిత్రం. ఎంత లాగినా జారదు, గోటితో గిల్లితే విడిపోతుంది. ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లు ప్రయత్నించినా నాకు పడలేదు. నేర్పమని అడగడానికి అహం అడ్డొచ్చింది.

అలా ఉండగా కృష్ణదేవిపేటలో ఒక జీడిపప్పు వ్యాపారి కొత్త మేడ కడుతూ మా షాపుకు పని ఇచ్చారు. గోడలు లేస్తున్నప్పుడే మేస్త్రి వెళ్ళి పైపులు వేసి, దారాలు ఎక్కించి వచ్చారు. రంగులయ్యాక కేబుళ్ళు లాగడానికి నన్నొక్కణ్ణే పంపారు. గుమ్మంలోనే ఆ వ్యాపారి, “ఆ పెద్దాయన రానేదేటి?” అన్నారు. నాకు ఒళ్ళు భగ్గుమంది.

మేడ మీద గదిలో పెట్టె మూత తీస్తే నీలం దారం, ఆ ముడి. చుట్టూ ఎవరూ లేరు. రెండు చివర్లా దారం తెంపి, మొత్తం లాగేసి జేబులో కుక్కుకున్నాను. మేస్త్రి దారం మరిచిపోయాడని చెప్పి, స్ప్రింగుతో, అంటే పైపులోకి తోసే పొడవాటి ఉక్కు తీగతో, కేబులు లాగి నా తడాఖా చూపిద్దామని నా ఎత్తు. ఆ స్ప్రింగు రెండో మలుపులో ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. చెరపకురా చెడేవు అని పెద్దలు ఊరికే అనలేదు. ఇక గోడ పగలగొట్టడం తప్ప దారి లేదు. మేస్త్రి దారం వేయడం మరిచిపోయారనే వ్యాపారికి చెప్పాను.

కబురు అందుకుని మధ్యాహ్నానికి మేస్త్రి షేర్ ఆటోలో దిగారు. “దారం ఎయ్యకుండా పైపులెలాగ ఏసినావయ్యా? ఎల్లుండి గృహప్రవేశం!” అని వ్యాపారి కేకలేస్తున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా పక్కన నిలబడ్డాను. మేస్త్రి పెట్టె దగ్గర వంగి చూశారు. మేకుకు ఆయన వేసిన ముడి అలాగే ఉంది, దానికి అంగుళం దారం, కట్టరుతో తెంపిన చివర. దాన్ని తీసేయడం నేను మరిచిపోయాను. ఆయన తల తిప్పి నన్ను చూశారు. కోపం కనబడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. గోటితో ముడి గిల్లి, ఆ ముక్కను గుప్పిట్లో దాచుకుని లేచారు.

“నాదే తప్పు బాబుగారూ. మర్సిపోనాను. సాయంత్రానికి గోడ సేసి ఇచ్చేస్తాను,” అన్నారు.

గోడ చెక్కి, స్ప్రింగు తీసి, కేబులు లాగి, మళ్ళీ పూశారు. నన్ను కింద ఇసుక జల్లించమన్నారు. ఆ వ్యాపారి బంధువులెవరూ ఆ తరువాత ఆయన్ని పిలవలేదు, నన్నే పిలిచారు. ‘ఆ ముసలాయనకి మతిమరుపు’ అన్న మాట నక్కపల్లి దాకా పాకింది. నేను కోరుకున్నదే జరిగింది. అయినా కుళ్ళు తగ్గకపోగా రెట్టింపయింది. ఆయన స్థానంలో నేనుంటే ఆ దారం ముక్కను ఊరంతా తిప్పి చూపించేవాణ్ణి.

ఒకసారి ఆటోలో ఆయన పక్కన కూర్చుని, “మేస్త్రీ, ఆ రోజు…” అని మొదలుపెట్టాను. “మన స్టాపు వచ్చీసినాది, బేగి దిగు,” అన్నారు. కొన్నాళ్ళకు ఆయన పని మానేశారు. నేను షాపు పెట్టుకున్నాను. ఒకసారి వెళ్ళి చెప్పుకోవాలి అనుకుంటూ ఉండగానే పోయారని తెలిసింది.

పోయిన నెల ఆ కృష్ణదేవిపేట మేడ నుంచి ఫోను వచ్చింది. మేడ మీద ఇంకో కెమెరా కావాలట. అదే గదిలో అదే పెట్టె మూత తీశాను. పాత కేబులు పక్కన నీలం దారం, మేకుకు ఆ ముడి. నా తప్పు తన నెత్తిన వేసుకుని గోడ పూసిన ఆ సాయంత్రమే ఆయన కొత్త దారం ఎక్కించి పెట్టారు. ఆ ఇంటికి తనను మళ్ళీ పిలవరనీ, వెనక వచ్చేది నేనేననీ ఆయనకు తెలిసే ఉంటుంది. గోటితో గిల్లగానే ముడి విడిపోయింది. కేబులు కట్టి లాగితే రెండు నిమిషాల్లో వచ్చేసింది.

వ్యాపారి వచ్చి చూసి మురిసిపోయారు. “నువ్వు కాబట్టి గోడకి గీత పడకుండా సేసినావు. అప్పుడా ముసలాయన దారం మర్సిపోయి గోడ బద్దలుకొట్టించీసినాడు కాదేటి.”

ఆయన కంటే నేనే గొప్ప అన్న ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో.

“ఆయన మర్సిపోలేదండి,” అన్నాను. “ఆ దారం తెంపీసింది నేనే. ఇప్పుడు కేబులు వచ్చింది కూడా ఆయన వదిలిన దారంతోనే.”

“ఆ పెద్దాయన ఇప్పుడెక్కడున్నారు?” అని వ్యాపారి అడిగారు. పోయారని చెప్పాను. వింటూనే మెట్లు దిగి వెళ్ళిపోయారు. మళ్ళీ నన్ను పిలుస్తారో లేదో తెలియదు.

నా సంచిలో ఇప్పుడు నీలం దారం ఉండ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఆ రోజు కూడా కొత్త దారం ఎక్కించి మేకుకు ముడి వేశాను. లాగితే జారిపోయింది. మళ్ళీ వేశాను, మళ్ళీ జారింది. ఆయన ముడిని విప్పేముందు ఒక్కసారైనా సరిగ్గా చూసుకోలేదు. చివరికి మామూలు మోటు ముడి ఒకటి బిగించి, ఆయన వేళ్ళను తలచుకుని కుళ్ళుకుంటూ పెట్టె మూత వేశాను.