ట్రాక్ పాడిన రోజులు

సైనిక్‌పురిలో మా అద్దె ఇంటి పై వాటాలో స్టూడియో పెట్టిన కొత్తలో అక్కడున్నవి ఒక కంప్యూటర్, ఒక కీబోర్డు, ఒక మైకు. చప్పుడు రాకుండా మోండా మార్కెట్ నుంచి కోడిగుడ్ల అట్టలు తెచ్చి గోడలనిండా అంటించారు. తబలా, వేణువు, వయొలిన్ అన్నీ ఆ కీబోర్డులోంచే రావాలి. స్టూడియో పెట్టినతను బన్సీలాల్‌పేట్ వాడు. అంతకుముందు పెళ్లిళ్లలో వాయించేవాడట.

నేను విజయనగరం నుంచి కాపురానికొచ్చి అప్పటికింకా ఏడాది కాలేదు. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఊరికి ఆ చివర. పొద్దున్నే వెళ్తే మళ్లీ చీకటిపడ్డాకే రావడం. పగలంతా ఇంట్లో నాతో మాట్లాడేది ప్రెషర్ కుక్కరొక్కటే. ఒకరోజు దానికీ అభ్యంతరం వచ్చింది.

"అక్కా, జెర కుక్కర్ బంద్ చెయ్యవా? మా పాటల దాని విజిల్ పడుతున్నది" అంటూ పై వాటా అతను గుమ్మంలో నిలబడ్డాడు. స్టవ్ ఆపేశాను. కూనిరాగం మాత్రం ఆపలేదు కాబోలు, "నువ్వు పాడుతవా అక్కా?" అన్నాడు.

అలా ట్రాక్ పాడటం మొదలైంది. పేరున్న గాయని వచ్చి విని నేర్చుకోవడానికి పాటను ముందే పాడి ఉంచడమన్నమాట. ఆమె పాడి వెళ్లగానే నా గొంతు చెరిపేసేవాడు. కంప్యూటర్‌లో జాగా తక్కువ మరి. ఫ్యాన్ ఆపేసిన గదిలో చెమటలు కక్కుకుంటూ, హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక్కదాన్నే పాడేదాన్ని. ఎదురుగా వాయించేవాళ్లు లేరు. యుగళగీతమైతే మగగొంతు చోట ఊరుకోవాలి, అతనెవరో ఇంకోరోజు వచ్చి పాడతాడు. ఒక్క పాటైనా నా గొంతుతో నిలవాలని, దాన్ని మా ఆయన వినాలని నా పిచ్చి కోరిక. ముందుగా చెప్పకుండా వినిపించి ఆయన మొహం చూడాలనుకునేదాన్ని.

ఒకసారి భక్తి పాటల క్యాసెట్‌కి గాయని రాలేదు. "ఈ పాట నీ గొంతుతోనే ఉంచుతున్న అక్కా" అన్నాడు. క్యాసెట్ చేతికొచ్చిన రోజు నాకు కాలు నిలవలేదు.

ఆదివారం మా ఆయన భోంచేస్తుంటే టేప్‌రికార్డర్‌లో పెట్టాను. కలుపుతున్న చెయ్యి ఆపి మరీ విన్నారు.

"బాగుందే. ఎవరు పాడేరు?"

ఏడిపిస్తున్నారేమోనని మొహంలోకి చూశాను. లేదు, నిజంగానే అడుగుతున్నారు. ఆయన ఇంట్లో ఉండే ఆ కాసేపూ నిద్రే. లేస్తారేమోనని నేనెప్పుడూ నోరు విప్పి పాడలేదు.

"ఎవరో కొత్తమ్మాయట" అన్నాను, మజ్జిగ పోస్తూ.