ఇన్‌స్టేట్ తోడికోడలు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలు చేశాక, మా మనవరాలు డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరుచుకుని యూనివర్సిటీ అప్లికేషన్ నింపడానికి కూర్చుంది. నేను పక్కనే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, ఏం రాస్తోందా అని కళ్ళజోడు సవరించుకుని మరీ చూస్తున్నాను. అడక్కుండా తొంగిచూడటం మా తరానికి పుట్టుకతో వచ్చిన హక్కు. పర్మనెంట్ అడ్రస్ అనే గడి వచ్చింది. ఆ పిల్ల క్షణం కూడా ఆగకుండా అమెరికాలోని డబ్లిన్‌లో ఉన్న ఈ ఇంటి నంబరు టకటకా కొట్టేసి కింది గడికి వెళ్ళిపోయింది. నాకు నవ్వొచ్చింది.

"అమ్మమ్మా, ఇది ఈజీ క్వశ్చన్. ఎందుకు నవ్వుతున్నావ్?" అంది.

ఏం చెప్పను? ఆ ఈజీ క్వశ్చన్‌కి తప్పు జవాబు రాసి ఒక ఏడాది చదువు పోగొట్టుకున్నాననీ, ఆ ఏడాది పొడుగునా నా తోడికోడలి మీద కుళ్ళుకుని చచ్చాననీ చెప్పాలా? గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. మీరు నా ఈడువాళ్ళు కనుక మీకు చెబుతాను.

మేము అమెరికా వచ్చింది డెబ్బై ఎనిమిదిలో. మావారికి డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో, కార్ల తలుపులకు గొళ్ళాలు తయారుచేసే కంపెనీలో డిజైన్ ఉద్యోగం. ఎవరి కారెక్కినా ఆయన ముందు తలుపు రెండుమూడుసార్లు వేసి, తీసి, ఆ చప్పుడు విని గానీ కూర్చునేవారు కాదు. నేను గుంటూరులో లెక్కలతో బి.ఎస్సీ. చదివి, రెండేళ్ళపాటు ఆడపిల్లల హైస్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని. ఇక్కడికొచ్చాక నా లెక్కలన్నీ పాపకి ఎన్నిగంటలకు పాలు పట్టాలి, మంచు పడితే ఆయన ఎంత ఆలస్యంగా ఇల్లు చేరతారు అన్న దగ్గరే ఆగిపోయాయి. పాప బడిలో చేరగానే నేనూ చేరాలి, కంప్యూటర్లు నేర్చుకోవాలి అని ఆ చిన్న అపార్ట్‌మెంట్‌లో ఐదేళ్ళు కలలుగన్నాను. ఆ కల ఒక్కటే అప్పట్లో నా సొంతమనిపించేది.

ఎనభై ఒకటిలో మా మరిది, ఆయన భార్య వచ్చారు. మా పై అపార్ట్‌మెంట్ ఖాళీ అయితే మావారే మాట్లాడి వాళ్ళకి ఇప్పించారు. తోడికోడలు నాకంటే ఆరేళ్ళు చిన్నది. అక్కా, అక్కా అంటూ కొంగు పట్టుకుని తిరిగేది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ పిల్లంటే నాకు కడుపుమంట మొదటి శీతాకాలంలోనే మొదలైంది. నేను మూడోసారికి గట్టెక్కిన డ్రైవింగ్ టెస్టు తను మొదటిసారే పాసైంది. నేను బాల్కనీలో తొట్టెల్లో వేసిన గోంగూర ముడుచుకుపోతే, అదే విత్తనాలతో, అదే ఎండలో, పైబాల్కనీలో తన గోంగూర నా నెత్తిమీద గొడుగులా పెరిగింది. నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో జరిగే తెలుగు ప్రార్థన కూటంలో, మూడేళ్ళుగా పాటలెత్తుకునేదాన్ని నేనైతే, తను వచ్చిన మూడో నెలకే అందరూ ఆ పిల్లని పాడమనడం మొదలుపెట్టారు. పిల్లల చేత పది ఆజ్ఞలు వల్లె వేయించే పని మాత్రం నాకే మిగిలింది. పొరుగువారిది ఏదీ ఆశించవద్దనే పదో ఆజ్ఞ దగ్గరికొచ్చేసరికి నా గొంతు కాస్త తగ్గేది. దేవుడికి తెలుసు, నాకూ తెలుసు.

ఎనభై మూడులో మా పాప బడిలో చేరబోతోందనగా, నేను చదువు మాటెత్తాను. అరగంట దూరంలో స్టేట్ యూనివర్సిటీ ఉంది. ఆ ఊరి సంగతులు తెలిసిన పెద్దాయన ఒకరు ప్రార్థన కూటంలో వివరంగా చెప్పారు. మేమున్న మిషిగన్ రాష్ట్రంలోనే స్థిరపడ్డవాళ్ళమని రుజువు చేసుకుంటే ఇన్‌స్టేట్ ఫీజు, లేకపోతే ఔటాఫ్‌స్టేట్, అంటే దాదాపు మూడింతలు. మాకు గ్రీన్‌కార్డులున్నాయి కనుక రెసిడెన్సీ ఫారం ఒకటి నింపితే చాలునన్నారు. మావారు ఇంటికొచ్చాక కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశారు, ఇన్‌స్టేట్ వస్తేనే చదువు, రాకపోతే లేదని. నాకేం భయం వేయలేదు. ఐదేళ్ళుగా ఇదే ఊరు, ఇదే అపార్ట్‌మెంట్. నాకు రాకపోతే ఎవరికొస్తుంది?

మర్నాడు తోడికోడలు, తనూ చదువుతానంది. నాతోపాటే, అదే కోర్సు. మీరుంటే నాకు ధైర్యం అక్కా అంది. పైకి సంతోషమే అన్నాను గానీ, నా కలలోకి కూడా చెప్పులు విప్పకుండా వచ్చేసిందే అనుకున్నాను.

ఇద్దరం మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫారాలు నింపాం. ఎప్పుడొచ్చారు, లైసెన్సు ఉందా, కారు ఎక్కడ రిజిస్టరైంది, టాక్సు ఎక్కడ కడుతున్నారు, అన్నీ సాఫీగానే సాగాయి. తర్వాత పర్మనెంట్ హోమ్ అడ్రస్ వచ్చింది. ఇక్కడ మీకు గుర్తుచేయనక్కర్లేదు, పదో తరగతి పరీక్ష ఫీజు కట్టిన రోజు నుంచీ మనం నింపిన ప్రతి కాగితంలోనూ రెండు అడ్రసులుండేవి. ఉన్నచోటు ఒకటి, మనవాళ్ళున్నచోటు ఒకటి. హాస్టల్లో ఉన్నా, బదిలీల మీద ఊళ్ళు తిరుగుతున్నా, రెండో గడిలో పెళ్ళికి ముందు నాన్నగారి ఇల్లు, పెళ్ళయ్యాక మామగారి ఇల్లు. అందులో ఆలోచించాల్సిందేముంది? అక్కా, ఇక్కడ ఏది రాయాలి అని తోడికోడలు అడిగితే, మామయ్యగారి అడ్రస్ రాయవే, ఇంకేం రాస్తావు అని, బాపట్లలో చర్చి వెనక వీధి, ఇంటి నంబరుతో సహా ముత్యాల్లాంటి అక్షరాలతో నేను రాసి చూపించాను. తను తలూపింది. పైన తన చంటిపాప ఏడుస్తోందని, మిగతాది తర్వాత రాస్తానంటూ మేడమీదికి వెళ్ళిపోయింది.

యూనివర్సిటీలో ఇవ్వడానికి ఇద్దరం కలిసే వెళ్ళాం. కౌంటర్ దగ్గర నా ఫారం ఇచ్చేశాక, పార్కింగ్ మీటర్‌లో టైమైపోతుందని గుర్తొచ్చి నేను బయటికి పరిగెత్తాను. నేను తిరిగొచ్చేసరికి తను కౌంటర్ మీద వంగి ఏదో రాస్తోంది. ఏమిటే అంటే ఏం లేదక్కా, ఒకటి మిగిలిపోయింది అంది. దారంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను, తను కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మూడు వారాలకి ఉత్తరాలొచ్చాయి, ఒకేరోజు. రెండేళ్ళ కిందట వచ్చిన ఆ పిల్లకి ఇన్‌స్టేట్. ఐదేళ్ళ నుంచి ఉన్న నాకు ఔటాఫ్‌స్టేట్. కారణం కూడా మర్యాదగా రాశారు. దరఖాస్తుదారు తన శాశ్వత నివాసం ఇండియాలో ఉందని స్వయంగా తెలియజేశారు కనుక అని. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. నా తోడికోడలు నవ్వను కూడా లేదు. తెల్లబోయిన ముఖంతో నా గుమ్మంలో నిలబడింది. నాకు అదింకా మండింది.

నువ్వేం రాశావని అడిగాను. పై అపార్ట్‌మెంట్ అడ్రస్ రాశానంది. కౌంటర్‌లో ఆవిడని అడిగిందట, మీరు ఎక్కడుంటారో అదే రాయండి అందట ఆవిడ.

"నాకు ఒక్కమాట చెప్పలేకపోయావా?"

"మీరు చెప్పాక మళ్ళీ ఇంకొకర్ని అడిగానంటే మీకు కోపం వస్తుందని భయపడ్డానక్కా. అయినా ఆ ఇంట్లో నేను పెళ్ళయ్యాక పదకొండు రోజులే ఉన్నాను. ఇక్కడ రెండేళ్ళు ఉన్నాను. అది నా ఇల్లని రాయడానికి చెయ్యి రాలేదు."

ఇప్పుడు ఆలోచిస్తే అందులో తప్పేమీ కనిపించదు. ఆ రోజు మాత్రం, కోడలికి అత్తగారి ఇల్లు ఇల్లు కాదట చూడండి అని మావారితో పదిసార్లు అన్నాను. ఆయన టీవీలో వాతావరణం చూస్తూ ఊఁకొట్టారు.

అప్పీలు చేసుకోవడానికి ముప్పై రోజుల గడువిచ్చారు. పెద్ద పనేం కాదు. పొరపాటుగా రాశాను, నా ఇల్లు మిషిగన్‌లోనే, ఇక్కడే ఉండిపోవాలనుకుంటున్నాను అని ఒక ఉత్తరం, దానికి జతగా లీజు కాపీ, టాక్సు కాగితాలు. తోడికోడలు తెలిసినవాళ్ళ టైప్‌రైటర్ అడిగి తెచ్చి, తనే టైప్ చేస్తాననీ, కౌంటర్ దగ్గరికి తనే తోడొస్తాననీ నాలుగుసార్లు మెట్లు దిగి వచ్చింది. నేను ఒప్పుకోలేదు. పుట్టిన గడ్డని కాదని సంతకం పెట్టే చెయ్యి నాకు లేదన్నాను. ఈ మాట ప్రార్థన కూటంలో కూడా అన్నాను, అందరూ తలలూపి మెచ్చుకున్నారు. ఒక పెద్దావిడైతే కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళ తర్వాత నిజం ఒప్పుకుంటున్నాను. పుట్టిన గడ్డా లేదు, పాడూ లేదు. ఆ పిల్ల టైప్ చేసిన ఉత్తరంతో నాకు ఇన్‌స్టేట్ రావడం నేను ఓర్చుకోలేకపోయాను, అంతే. యూనివర్సిటీవాళ్ళ ఉత్తరం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ముప్పై రోజులూ వేలాడింది. ముప్పై ఒకటో రోజున తీసి సొరుగులో పడేసి, ఒంటరిగా కూర్చుని ఏడ్చాను.

ఇక అసలు శిక్ష అప్పుడు మొదలైంది. తను క్లాసులకు వెళ్తే ఏడాదిన్నర పాపని ఎవరు చూస్తారు? ఖాళీగా ఉన్న పెద్దమ్మ. మావారు ఒక్కమాటలో తేల్చేశారు, ఒకే కుటుంబం కదా అని. సోమ, బుధ, శుక్రవారాల్లో తను పుస్తకాల సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగేది. కిటికీలోంచి కారు మలుపు తిరిగేదాకా చూసేదాన్ని. నాకు రావలసిన మంచు, నాకు రావలసిన చలి, నేను పరిగెత్తవలసిన క్లాసులు అన్నీ తనకే. పాప మాత్రం బంగారం. నన్ను పెద్దమ్మా అనలేక పెమ్మా అనేది. తల్లిమీద కోపాన్ని పిల్లమీద చూపలేదు, ఆ ఒక్కటీ నా లెక్కలో మంచి మార్కు.

పాపని దింపి వెళ్తూ, ఆ రోజు క్లాసుకి అక్కర్లేని పుస్తకం ఒకటి మా సోఫా మీద మర్చిపోయేది. పాప నిద్రపోయాక తీసి చూసేదాన్ని. మొదట ఏముందో చూద్దామని, తర్వాత ఆ లెక్కలు నాకు రావా ఏం అని. పెన్సిల్‌తో అంచుల్లో చేసి, తను వచ్చేలోపు రబ్బరుతో చెరిపేసేదాన్ని. ఒకరోజు తొందరలో ఒకటి చెరపడం మర్చిపోయాను. మళ్ళీసారి తీసి చూస్తే, నా లెక్క పక్కన చిన్నగా ఎర్ర సిరాతో రైట్ మార్కు ఉంది. అప్పుడు తెలిసింది, ఆ పుస్తకం మర్చిపోవడం కాదని. సంతోషించానా? లేదు. చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అపకారం చేసినవాళ్ళనైనా మరిచిపోవచ్చు గానీ, మనకి తెలియకుండా ఉపకారం చేసినవాళ్ళని ఓర్చుకోవడం మహాకష్టం. అయినా ఆ తర్వాతిసారి ఇంకో లెక్క చేసి, చెరపకుండా వదిలేశాను.

మరుసటి ఏడాది మళ్ళీ ఫారం నింపాను. పర్మనెంట్ అడ్రస్ దగ్గర పెన్ను కాసేపు ఆగింది. ట్రాయ్ అపార్ట్‌మెంట్ నంబరు రాశాను. ఇన్‌స్టేట్ వచ్చింది. ఆ ఏడాది మా పాపనీ తన పాపనీ వంతులవారీగా తనూ చూసింది. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ముప్పై ఏళ్ళు చేశాను. కానీ డిగ్రీలో, ఉద్యోగంలో, చివరికి రిటైర్మెంట్‌లో కూడా తను నాకంటే ఒక ఏడాది ముందే ఉంది. ఆ వెనకబడ్డ ఏడాది నా చేతులారా చేసుకున్నదేనని ఆవిడతో ఎన్నడూ ఒప్పుకోలేదు.

మావారు పోయాక నేను ట్రాయ్ వదిలి, డబ్లిన్‌లో అమ్మాయి దగ్గరికొచ్చాను. తోడికోడలూ మరిదీ రిటైరయ్యాక బాపట్ల వెళ్ళిపోయి, మామగారి ఇల్లు బాగుచేయించుకుని అక్కడే ఉంటున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా, రండక్కా, వీధివైపు గది మీకోసమే ఉంచాను అంటుంది. నాకు మోకాళ్ళు, డాక్టర్లు, ఇన్సూరెన్సు. మనవరాలికి పెద్ద పరీక్షలు. వస్తానే అంటాను.

మనకి రెండు గడులుండేవి, ఈ పిల్లలకి ఒక్కటి చాలు. ఉన్నచోటే ఇల్లు అనుకోవడం వాళ్ళకి పుట్టుకతో వచ్చింది, నా తోడికోడలికి రెండేళ్ళలో వచ్చింది, నాకింకా సరిగ్గా రాలేదు.

పోయిన వారం తన దగ్గర్నుంచి గోంగూర పచ్చడి పార్సిల్ వచ్చింది. పంపినవారి గడిలో ఆవిడ చేతిరాత. ఇంటి నంబరు, చర్చి వెనక వీధి, బాపట్ల. ఒకప్పుడు ఫారంలో నేను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన అడ్రసే. ఆ కాగితం ముక్క జాగ్రత్తగా కత్తిరించి బైబిల్లో దాచుకున్నాను. పచ్చడి కలుపుకుని తింటుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, కారం ఎక్కువైందని అమ్మాయితో అన్నాను. కారం సరిపోయింది. ఈసారి కూడా ఇన్‌స్టేట్ తనకే వచ్చింది, నేనే మళ్ళీ ఔటాఫ్‌స్టేట్.