కాలిపోని ఒత్తి

హుస్సేనీ ఆలం గల్లీలో ఆండాలు చేతి ఒత్తులు కొనని హిందువుల ఇల్లు లేదు, ఆమె చేత తిట్లు తినని ఇల్లూ లేదు. పత్తిలో గింజ తగిలితే అమ్మినవాణ్ని తిట్టేది. ఒత్తి పొగ కక్కిందన్నవాళ్లను ఇంకా గట్టిగా తిట్టేది. భర్త కొండల్ మాత్రం మెత్తని మనిషి. మూసీ అవతలి బట్టల మిల్లులో, వేడి బయటికి పోకుండా బాయిలరు గొట్టాలకు తెల్లటి పీచు చుట్టడం అతని పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిండిగిర్నీలో పనిచేసినవాడిలా ఉండేవాడు. ఆండాలు అతన్ని గడప బయటే నిలబెట్టి, చొక్కా విప్పించి, టపటపా దులిపి, నేతలో ఇరుక్కున్న పీచును వేళ్లతో ఏరేది. పట్టులా మెరిసే ఆ పీచును పారేయడానికి ఒత్తులు చేసే మనిషికి చెయ్యి రాలేదు. ఒక డబ్బాలో దాస్తూ వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కొండల్‌కు దగ్గు పట్టుకుంది. రెండు పొట్టి దగ్గులు, వెనకాలే గీరుకుంటూ ఒక పొడుగు ఈడ్పు. గల్లీ మలుపులో వినిపించినా అది అతని దగ్గేనని అందరూ గుర్తుపట్టేవారు. ఊపిరితిత్తిలో గడ్డ పెరిగిందన్నాడు దవాఖానా డాక్టరు. వానలు వెనకపట్టే వేళకు కొండల్ పోయాడు.

వాళ్ల ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి ప్రాణం విడిచిన చోట దీపం పెడతారు. దాన్ని ఎవరూ ఆర్పరు, నూనె తగ్గకుండా పోస్తూనే ఉంటారు. ఒత్తి తనంతట తాను కాలి అయిపోయిన రోజున, పోయినవాడు ఇల్లు విడిచాడని నమ్మకం. మామూలుగా పదో దినంలోపే ఆ పని అయిపోతుంది. ఆండాలు ఆ దీపానికి పత్తి వాడలేదు. అతని ఒంటి మీద నుంచి తీసిందే అతని కోసం వెలగాలనిపించి, డబ్బాలోని పీచునంతా నోటితో తడిపి ఒకే ఒక్క లావుపాటి ఒత్తిగా పేనింది.

పదో దినం వచ్చింది. ఒత్తి గోరంత కూడా తరగలేదు. భోజనాలకొచ్చిన చుట్టాలు విస్తళ్ల మీద నుంచి దీపం వైపు దొంగచూపులు చూసి, పొద్దు ఉండగానే చెప్పులేసుకున్నారు. వెళ్తూ వెళ్తూ, తమ ఇంట్లో నాలుగు రోజులు ఉండమని మాట వరసకైనా ఎవరూ ఆమెను పిలవలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు పక్కింటి రాజమణి గోడ మీదుగా తొంగిచూసింది.

"అక్కా, దీపాలు పెట్టే యాళ్లకు నీ ఇంట్ల కొండలన్న దగ్గుతున్నడే. మా అత్త గూడ విన్నది."

ఇంకోసారైతే ఆండాలు దాని ఏడు తరాలనూ కడిగేసేది. ఈసారి నోరు లేవలేదు.

"అవునే," అంది మెల్లగా. "నా గొంతుల కెల్లి దగ్గుతున్నడు."

నిజంగానే అలా జరుగుతోంది. నూనె పోయడానికి దీపం మీదికి వంగితే చాలు, ఛాతీలో ఎవరో కదిలినట్టయ్యేది. రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు ఈడ్పు. అచ్చం అతనిదే. ఆమెకు భయమేసేది. మనిషి ఇంకా తనను వదల్లేదని సంతోషమూ వేసేది, అలా సంతోషపడినందుకు మళ్లీ భయమేసేది. దీపం చుట్టూ గోడలకు పాకిన నీడ కూడా దగ్గినప్పుడల్లా వంగేది.

"ఉంటవా, పోతవా? ఏదో ఒకటి చెప్పు," అని దీపాన్నే గదమాయించేది. దీపం నిలకడగా వెలుగుతూ ఉండేది.

ఒక సాయంత్రం సీమోను వచ్చాడు. కొండల్‌తో కలిసి పీచు చుట్టినవాడు. దీపం ముందు కూర్చుని, తలవంచి ఒత్తినే చూశాడు.

"వదినా, ఇది పత్తి గాదు. రాతినార, దొరలు ఆస్బెస్టాస్ అంటరు. బాయిలరు కాడనే కాలనిది నీ దీపంల కాలుతదా?"

"నా మొగని పానాన్ని పట్టుకొని రాయంటవా? లే, బయటికి నడువ్!"

సీమోను లేవలేదు. పనివల్ల నష్టపోయిన కూలీకి మాలికులు పరిహారం ఇవ్వాలన్న కొత్త కానూను గురించి చెప్పాడు. కూలీల తరఫున వాదించే బాబురావు వకీలు కొండల్ పేరు మీద దావా వేశాడు. మిల్లువాళ్లేమో కొండల్ వాకిలి ఊడ్చేవాడని, పీచు ముట్టనే లేదని, క్షయతో పోయాడని అంటున్నారు. సాక్ష్యం చెప్పిన కూలీకి నౌకరీ ఉండదని కూడా బెదిరించారు.

"ఈ ఒత్తి చూపిస్తే వాళ్ల నోరు పడిపోతది. నా ఛాతి గూడ బరువైతుంది వదినా. అన్న గెలిస్తెనే మా అందరికి దారి. నేను పోతే నా పిల్లలకు ఎవరున్నరు?"

"దాన్ని తీస్తే ఆయన పోతడు సీమోనూ."

"పోనియ్యి వదినా. ఎన్నొద్దులు గిట్ల కట్టేసి ఉంచుతవ్?"

ఆండాలు చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, తమ వంశంలో ఎవరూ చేయని పని చేసింది. మండుతున్న ఒత్తిని వేళ్లతో నలిపి పైకి తీసింది. "ఇగ పో," అంది. "నా ఫికర్ వెట్టుకోకు." ఒత్తిని కొంగున ముడేసుకుంది.

అదాలతులో తీర్పు చెప్పే హాకిం ఆ ఒత్తిని పటకారుతో పట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. నూనె భగ్గున మండి ఆరిపోయింది. ఒత్తి తెల్లగా అలాగే నిలిచింది. 

"చొక్కాకు అంటిందే ఇంత ఒత్తి అయింది హుజూర్," అన్నాడు బాబురావు. "ఊపిరిలోకి పోయింది ఎంతుంటుందో తమరే ఆలోచించండి."

హాకిం ఆలోచించాడు. మిల్లు పరిహారం చెల్లించాల్సిందేనని చెప్పాడు. సీమోను తలపాగా కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. హాకిం ఒత్తిని ఇంకా అటూ ఇటూ తిప్పుతూ, దీన్ని చొక్కా నుంచి ఏరిందెవరని అడిగాడు.

"నేనే దొరా. దినాం నేనే." ఆండాలు గాలిలోనే చూపించింది. ఇట్ల దులిపేది, ఇట్ల ఏరేది, ఇట్ల నోట్లో తడిపి పేనింది. చూపిస్తుండగానే దగ్గొచ్చింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది.

హాకిం కలం ఆగింది. అతను నోరు తెరవకముందే మిల్లు వకీలు కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"హుజూర్, యే ఔరత్ హమారీ ములాజిమ్ నహీఁ. ఈమె మా మిల్లు నౌకరు గాదు. కానూన్ల ఈమెకు జాగ లేదు."

ఎవరూ ఏమీ అడగకుండానే అతను ఎందుకంత తొందరపడ్డాడో ఆండాలుకు అర్థం కాలేదు.

ఇంటికొచ్చి తలుపు బార్లా తీసి పెట్టింది, పోయేవాడికి అడ్డం ఉండకూడదని. ప్రమిద ఖాళీగా ఉంది. గల్లీలో దీపాలు వెలుగుతున్నాయి. ఆమె చీకట్లో కూర్చుని, తన ఛాతీ తేలికపడటం కోసం ఎదురుచూసింది. గోడ మీద నీడ లేదు. ఇల్లంతా ఉత్త ఇల్లులా ఉంది. అతను వెళ్లిపోయాడు, ఆమెకు తెలుస్తూనే ఉంది.

అప్పుడొచ్చింది దగ్గు.

గోడ అవతల నుంచి రాజమణి పిలిచింది. "అక్కా, అన్న ఇంక పోలేదా?"

ఆండాలు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. మిల్లు వకీలు కుర్చీ తోసుకుంటూ లేచిన తీరు కళ్లముందు మెదిలింది.

"పోయిండే రాజమణి," అంది. "ఇది నాదే."