చలవక్క తువ్వాళ్ళు తగిలించిన ఏడాది

సరస్సు ఒడ్డున ఉన్న పద్నాలుగు గదుల లాడ్జికి ఇరవై ఆరేళ్ళుగా దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతుకుతున్నది చలవక్క. ఆమె అసలు పేరు ఓటర్ల జాబితాలో ఉంది. చలవ బట్టల మూట నెత్తిన లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు కాబట్టి ఊరు ఆ పేరు పెట్టింది. మొదట్లో ఆమెకది నచ్చలేదు. కొన్నాళ్ళకు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, పోలీసులేమోనని భయపడే స్థితికి వచ్చింది.

ఆమె ఉతికేది లాడ్జి వెనక మెట్ల దగ్గర, వాలుగా ఉన్న ఒక నల్లరాయి మీద. పొద్దున్నే దోసెడు నీళ్ళు తీసుకుని కళ్ళకద్దుకుని, "ఈ పూటకీ నీళ్ళిచ్చావు తండ్రీ" అని గొణుక్కుని మూట విప్పేది. దిండు గలీబుల్లో దొరికినవన్నీ ఏ గదివో గుర్తుపెట్టుకుని తిరిగి ఇచ్చేది. చెవి దుద్దులు, ఇంటి తాళంచెవులు, ఒకసారి పెట్టుడు పళ్ళు. ఆ పళ్ళాయన నోరు విప్పి ఏమీ చెప్పలేక, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. బట్ట నేలమీద పడి ఉండకూడదు. కాపురానికి వచ్చిన మొదటి వారమే అత్తగారు నేర్పిన సంగతి ఇది. ఒంటిమీదైనా ఉండాలి, దండెం మీదైనా ఉండాలి, మూటలోనైనా ఉండాలి. బస్సులో పక్కవాళ్ళ కండువా జారినా చలవక్క వంగి తీసి వాళ్ళ భుజాన వేసేది. అలవాటంటే అంతే, మనిషి మరిచిపోయినా చెయ్యి మరిచిపోదు.

ఆ రోజుల్లో సరస్సుకు జనం పెరిగారు. ఒక లాడ్జి ఉన్నచోట ఏడయ్యాయి. చలవక్క భర్త పడవ నడిపేవాడు. ఆయనకు క్షణం తీరిక ఉండేది కాదు. అయితే తెడ్డు పైకి లేపితే తెల్లగా నురగ వచ్చేది. ఏడు లాడ్జీల సబ్బు మరి. పొద్దుటిపూట ఒడ్డున తేలే ఆ నురగను మంచు అనుకుని కొందరు ఫొటోలు తీసుకునేవారు. పడవాయన కాదని చెప్పేవాడు కాదు. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళ సంతోషం పాడుచేయడం ఎందుకని.

అప్పుడు పర్యాటక శాఖవాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. ప్రతి స్నానాలగదిలో ఒక కార్డు అంటించారు. తువ్వాలు కొక్కేనికి తగిలిస్తే మళ్ళీ వాడుకుంటారని అర్థం, నేలమీద వేస్తే ఉతకాలని అర్థం. అనవసరపు ఉతుకుడు తగ్గితే సరస్సు బాగుపడుతుంది. ఏ లాడ్జిలో సగానికి పైగా తువ్వాళ్ళు కొక్కేనికి ఉంటాయో ఆ లాడ్జికి గుమ్మం పక్కన పెట్టుకోవడానికి ఇత్తడి ఆకు ఒకటి ఇస్తారు.

కార్డులో అక్షరాలు చీమలంత ఉన్నాయి. చలవక్కకు బోర్డుల మీది పెద్ద అక్షరాలే వచ్చు. "ఇదేంటి బాబూ?" అని లాడ్జి యజమానిని అడిగింది. అతను ఆమె కళ్ళముందు పెరిగినవాడే.

"అది వచ్చేవాళ్ళ కోసం అక్కా. నీకోసం కాదులే," అన్నాడు.

తనకోసం కానిదాని గురించి రెండోసారి అడిగే అలవాటు ఆమెకు లేదు.

ఆపైన రోజూ జరిగింది ఇది. తొమ్మిదింటికి అందరూ పడవెక్కడానికి వెళ్ళాక చలవక్క గదుల్లోకి వెళ్ళి ఉతికిన దుప్పట్లు పరిచేది. నేలమీద తువ్వాలు కనబడేది. ఎవరికి ఏమి తొందరో పాపం అనుకుంటూ, వంగి తీసి, దులిపి, కొక్కేనికి తగిలించేది. పదింటికి యజమాని పుస్తకం పట్టుకుని వచ్చి ఏవి ఎక్కడున్నాయో రాసుకుని, నేలమీద ఉన్నవి బుట్టలో వేయించేవాడు. నేలమీద ఏవీ ఉండేవి కావు.

పర్యాటకులు ఇంత మంచివాళ్ళని అతను కలలో కూడా అనుకోలేదు. మూడు నెలల్లో ఇత్తడి ఆకు వచ్చింది. ఏడింటిలో ఒక్క లాడ్జికే వచ్చింది. ఆకు చూసి ఇంకా జనం వచ్చారు. వాళ్ళు ఇంకా తువ్వాళ్ళు పడేశారు. చలవక్క ఇంకా తగిలించింది. సలహాల పుస్తకంలో ఒకాయన, "తువ్వాలు మార్చలేదు, గది మాత్రం చాలా పొందికగా ఉంది" అని రాశాడు. దాని కింద యజమాని, "సరస్సు తరఫున మీకు ధన్యవాదాలు" అని రాశాడు.

రోజుకు నాలుగు మూటల పని ఒకటిన్నర మూటకు వచ్చింది. కూలి మూటకింత అని కాబట్టి అదీ అంతే తగ్గింది. చలవక్క ఒక్కతే అయితే ఎలాగో సర్దుకునేది. ఆమె తోడికోడలు కూడా అదే రాయి దగ్గర ఉతికేది. మరిది పోయినప్పటి నుంచి ఆ పిల్ల వీళ్ళ ఇంట్లోనే ఉంటోంది. నోరు కొంచెం పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. ఒకటిన్నర మూటను చలవక్క పంచితే తోడికోడలి వాటా పెద్దదిగా ఉండేది. అలా ఎందుకుందో ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు.

"యజమాని ఉతికే మిషను కొనుంటాడే," అన్నాడు పడవాయన అన్నం తింటూ.

"మిషనైతే చప్పుడు రావాలిగా. గోడలన్నిటికీ చెవి పెట్టి చూశాను. పైగదిలో ఒకాయన గురక తప్ప ఏమీ లేదు," అంది చలవక్క.

"మరి జనం స్నానాలు మానేశారంటావా?"

"మీరంతా ఏమన్నా అనుకోండి," అంది తోడికోడలు. "పట్నంలో హాస్టలు వంటకి మనిషి కావాలన్నారు. నెలాఖరుకి నేను వెళ్తాను. ఒకటిన్నర మూటకి నాలుగు చేతులెందుకు?"

"నలుగురు కాదే, ఇద్దరం."

"నాలుగు చేతులే కదక్కా. లెక్క నాకూ వచ్చు."

ఆ రాత్రి తోడికోడలు ట్రంకుపెట్టె కిందికి దించింది. చలవక్క దాన్ని తుడిచి పెట్టింది, వెళ్ళొద్దని మాత్రం అనలేకపోయింది. ఏ పని చూపించి ఉండమంటుంది? నెలాఖరుకు పద్దెనిమిది రోజులుంది.

మర్నాడు తొమ్మిదో గదిలో టీచరమ్మ ఉంది. రిటైరై మోకాళ్ళ నొప్పితో వచ్చిన మనిషి, పడవ ఎక్కకుండా కిటికీ దగ్గరే కూర్చునేది. చలవక్క దుప్పటి పరిచి, స్నానాలగదిలోకి తొంగిచూసి, నేలమీద ఉన్న తువ్వాలు తీసి తగిలించింది.

"అదేంటమ్మా? ఉతకడానికని నేనే కింద వేశాను," అంది టీచరమ్మ.

"ఉతికించుకోవాలంటే చెప్పండమ్మా, పట్టుకెళ్తాను. కింద ఎందుకు వెయ్యడం? ఎవరన్నా తొక్కుతారు."

"కార్డులో అలాగే వెయ్యమన్నారుగా."

"అది మీకోసమటగా. నాకోసం కాదటగా."

టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని కార్డు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది. రెండోసారి మెల్లగా, ఒకటో తరగతికి చెప్పినట్టు చదివింది. చలవక్క అక్కడున్న పీట మీద కూర్చుంది.

"అయితే నా పొట్ట నేనే కొట్టుకున్నానన్నమాట," అంది. "ఏడాది పాటు. రోజూ తొమ్మిదింటికి."

టీచరమ్మ నవ్వలేదు. ఫ్లాస్కులో ఉన్న టీ రెండు గ్లాసుల్లో పోసి ఒకటి ఆమెకిచ్చింది. ఇద్దరూ తాగారు.

పరిష్కారం తేలికే. తగిలించకపోతే సరి. మర్నాడు మూడో గదిలో చలవక్క నేలమీది తువ్వాలును చూసి, మొహం తిప్పుకుని బయటికి వచ్చింది. ఐదో గదిలో చేతులు వెనక్కి కట్టుకుంది. ఏడో గదిలో తువ్వాలు తలుపు దగ్గరే పడి ఉండటంతో, దాని మీదుగా దాటి వెళ్ళాల్సి వచ్చింది. ఆ తర్వాత చాలాసేపు అత్తగారి మొహం గుర్తొచ్చింది.

ఎనిమిది రోజుల్లో పని మూడు మూటలైంది. తోడికోడలు ట్రంకుపెట్టె పైకి ఎక్కించలేదు గానీ, అందులోంచి దువ్వెన తీసింది. యజమాని పుస్తకం చూసి, ఈ మధ్య వచ్చే జనం మంచివాళ్ళు కాదన్నాడు.

తొమ్మిదో రోజు పడవాయన తెడ్డు ఒడ్డున ఆనించి, "నాలుగో మెట్టు పోయిందే," అన్నాడు.

నీళ్ళలోకి దిగే మెట్లు అవి. నురగ రోజుల్లో రెండో మెట్టు దాటి ఏమీ కనబడేది కాదు. ఈ ఏడాదిలో తక్కిన లాడ్జీలు కూడా ఆకు కోసం కాస్త జాగ్రత్త పడ్డాయి. నీళ్ళు తేటపడి మూడోది కనబడింది, తర్వాత నాలుగోది. దాని మీద పచ్చటి నాచు, నాచులో వేలెడంత చేపపిల్లలు. పడవెక్కే ప్రతివాళ్ళకీ పడవాయన ముందు దాన్నే చూపించేవాడు. చలవక్క కూడా ఉతికేటప్పుడు ఆ చేపపిల్లల మీద సబ్బునీళ్ళు పడకుండా పక్కకు తిరిగి పిండేది.

ఇప్పుడు వంగి చూసింది. మూడో మెట్టు మసకగా ఉంది. నాలుగోది లేదు. వెనక దండెం మీద దుప్పట్లు ఆరేస్తూ తోడికోడలు ఏదో కూనిరాగం తీస్తోంది. చలవక్క మెట్లకీ దండేనికీ మధ్య కూర్చుని చాలాసేపు ఏమీ ఉతకలేదు.

ఆ సాయంత్రమే వెళ్ళి యజమానికి అంతా చెప్పింది. అతను కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"అక్కా, ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"టీచరమ్మకి తెలుసు. దేవుడికి తెలుసు."

"దేవుడితో ఇబ్బంది లేదు. టీచరమ్మ ఎప్పుడు ఖాళీ చేస్తుంది?"

"బాబూ, గురువారం ఆకు ఇచ్చిన ఆఫీసరుగారు తనిఖీకి వస్తారటగా. నన్ను అడక్కపోతే నేను చెప్పను. అడిగితే మాత్రం చెప్పేస్తాను. నాకు అబద్ధం చెప్పడం రాదు, చెప్పినా నా మొహం చెప్పనివ్వదు."

అది నిజమేనని అతనికి తెలుసు. చిన్నప్పుడు అతను గాజుకూజా పగలగొట్టినప్పుడు చలవక్క తన మీద వేసుకోబోయి, తడబడి, చివరికి అతన్నే పట్టించింది.

గురువారం ఆఫీసరు వచ్చాడు. గదులన్నీ తిరిగాడు. ఏడాదంతా నూటికి నూరు తువ్వాళ్ళు కొక్కేనికి ఉండటం, ఈ పదిరోజుల్లో ఒక్కసారిగా పడిపోవడం అతనికి అర్థం కాలేదు. వెనక మెట్ల దగ్గరికి వచ్చి, చెప్పులు విడిచి, మర్యాదగానే అడిగాడు. "అమ్మా, ఈ తువ్వాళ్ళు వచ్చినవాళ్ళే తగిలించేవారా?"

చలవక్క చేతిలోని గలీబు రాయి మీద పెట్టింది. చూపు తోడికోడలి మీద పడింది. నోరు తెరిచేలోగా వెనకనుంచి యజమాని అన్నాడు.

"ఆవిడే తగిలించేదండి. కార్డులో ఏముందో నేను ఆవిడకి చెప్పలేదు. తప్పు నాది."

ఆ మాట ఆమె చేత చెప్పించకుండా తానే చెప్పాడు. చలవక్క ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుని, ఆ బాబు చల్లగా ఉండాలని దండం పెట్టుకుంటుంది.

ఆఫీసరు ఫారం అటూ ఇటూ తిప్పి, "ఇందులో దీనికి గడి లేదు," అన్నాడు. ఆకు మాత్రం తీసేయాలన్నాడు. యజమానే స్క్రూడ్రైవరు తెచ్చి ఊడదీశాడు. ఆకు బరువుగా ఉండేసరికి తోడికోడలు పట్టుకుంది.

"మరి ఇకమీదట ఎలాగండి?" అన్నాడు యజమాని. "కార్డు ఎవరూ చదవడం లేదని తేలిపోయింది."

"నోటితో అడిగితే చాలదా?" అంది చలవక్క. "పొద్దున్నే తలుపు కొట్టి, నాయనా, ఈ తువ్వాలు ఇంకో పూట వాడతావా అని అడుగుతాను. మనిషి అడిగితే కాదంటారా?"

"అడిగితే మూటలు తగ్గుతాయక్కా," అంది తోడికోడలు, ఆకు చంకలో పెట్టుకుని. తర్వాత యజమాని వైపు తిరిగింది. "మూటకింత అని ఇచ్చినన్నాళ్ళూ చెరువు మురికైతేనే మాకు అన్నం. నెలకింత అని ఇవ్వు బాబూ. అప్పుడు చెరువు బాగుంటే మాకేం నష్టం?"

"ఇద్దరికీనా?"

"ఒకరు అడగాలి, ఒకరు ఉతకాలి. అక్కని ఉతకమని నన్ను అడగమంటావా? నేనడిగితే నీ లాడ్జిలో ఎవరూ దిగరు."

యజమాని వేళ్ళమీద లెక్కవేసుకున్నాడు. ఆఫీసరు, "ఆవిడ చెప్పింది సబబుగానే ఉంది," అన్నాడు, గడి లేకపోయినా. యజమాని నెలజీతానికి ఒప్పుకున్నాడు.

నాలుగు మూటల రోజుల్లో వచ్చినంత ఇప్పుడు రాదు. తోడికోడలు ఆ మాట వారానికోసారి పైకే అంటుంది. అయితే ట్రంకుపెట్టె అటక ఎక్కింది. ఆకు ఇంకా తిరిగి రాలేదు. గుమ్మం పక్కన రెండు స్క్రూ రంధ్రాలు అలాగే ఉన్నాయి. నాలుగో మెట్టు కనబడుతోంది. ఐదోది కూడా ఉందని పడవాయన జనానికి చెబుతున్నాడు. చలవక్కకు ఇంకా కనబడలేదు.

రోజూ తొమ్మిది కాకుండానే ఆమె తలుపు కొడుతుంది. ఉతకడం వద్దన్నవాటిని తగిలించి, ఉతకమన్నవాటిని తీసుకెళ్తుంది. నేలమీద తువ్వాలు కనబడితే మాత్రం ముందుగా గదిలోవాళ్ళను అడుగుతుంది.

"జారిపడిందా నాయనా, పడేశావా?"

వాళ్ళు తువ్వాలు వైపు చూస్తారు, తర్వాత ఆమె వైపు చూస్తారు. ఎక్కువమంది, "జారిపడిందమ్మా," అంటారు.

చలవక్క నమ్ముతుంది. వంగి తీసి, దులిపి, కొక్కేనికి తగిలిస్తుంది.