రెండోసారి లేచిన టెంకాయ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరినీ తొందరగా నమ్మని మనిషి మా అవ్వ. రాగులు కొనాలంటే బస్తా పైపైన చూసేది కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్న గింజలు తీసి నోట్లో వేసుకునేది. పరిగి దగ్గర మాది వాన మీద బతికే మెట్టసేద్యం. మాకున్నదల్లా ఒక జత ఎద్దులు, ఊరి బయట ఎర్రనేల చేను.

ఒక ఎండాకాలం మా నాయనకు బావి తవ్వించాలన్న ఆశ పుట్టింది. అందుకోసం ఎద్దులను హిందూపురం సంతలో అమ్మేస్తానన్నాడు. నీళ్లు ఎక్కడ పడతాయో చూడడానికి పై ఊరి నుంచి ఒక మనిషిని పిలిపించాడు. ఆయన అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా తిరిగాడు. కింద నీళ్లున్న చోట అది దానంతటదే నిటారుగా లేస్తుందట. తిరగ్గా తిరగ్గా ఒకచోట లేచింది. అక్కడ గుర్తుకు ఒక రాయి పెట్టించాడు. మా నాయన ముఖం వెలిగిపోయింది. అవ్వ మాత్రం టెంకాయను చూడలేదు, ఆయన వేళ్లనే చూస్తూ నిలబడింది. నేనూ చూశాను కానీ నాకేమీ అంతుపట్టలేదు.

అందరూ సంగటి తినడానికి ఇంటిదారి పట్టారు. అవ్వ కావాలనే వెనకబడి నా చెయ్యి పట్టుకుంది. “పాపా, ఆ రాయి తీస్కపోయి ఆ మూల పెట్టు. మీ నాయనకి గూడా చెప్పొద్దు” అంది. పొట్టకు ఆనించుకుని మోసుకుపోయాను. దున్నిన చేను కదా, ఎటు చూసినా ఒకటే ఎరుపు, ఆ రాయి తప్ప వేరే గుర్తు లేదు.

ఆ మనిషి కడుపునిండా తిన్నాక అవ్వ మెల్లగా అడిగింది. “ఏమప్పా, నా కండ్లు సరిగా ఆనవు. ఇంగొక తూరి చూపిస్తావా?”

మళ్లీ చేనికి వెళ్లాం. ఆయన అటూ ఇటూ తిరిగి రాయి దగ్గరికి వచ్చాడు. టెంకాయ లేచి నిలబడింది. “చూడమ్మా, అదే తావున లేచింది” అన్నాడు నాయన సంబరంగా.

“రాయిని నా మనవరాలు జరిపిందప్పా. నీ టెంకాయకి తెలిసినట్టు లేదు” అంది అవ్వ.

నాయన నమ్మలేక నా వైపు చూశాడు. నేను పాత చోటు చూపించాను. రాయి నొక్కుకున్న గుంత అక్కడ అలాగే ఉంది. నాయన చెయ్యెత్తి ఆ మనిషి మీదికి పోతుంటే అవ్వ అడ్డం నిలిచింది. “మనింట్లో తిన్నోని మీద చెయ్యెత్తొద్దురా.”

ఆ మనిషి తల దించుకున్నాడు. “ఇంట్లో పిల్లోళ్లు ఉండారవ్వా” అన్నాడు.

“మాకూ ఉండారు. ఎద్దులమ్మి తవ్వినాక నీళ్లు పడకుంటే వీళ్లేం తినాల?”

ఆ మనిషి పోయేముందు అవ్వ ఆయన తువ్వాలులో ఇన్ని శెనక్కాయలు పోసింది. దొంగకు మర్యాదలేంటని నాయన గొణిగితే, “ఎద్దులు కొట్టంలోనే ఉండాయి కదరా” అంది.

నాయన కొన్నాళ్లు అవ్వతో సరిగా మాట్లాడలేదు. చేతికందిందనుకున్న బావి పోయిందన్న దిగులు అది. ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. ఎద్దులు ఉన్నందువల్ల నేలలో పదును ఆరకముందే విత్తుకున్నాం. ఆ చేని కింద నీళ్లున్నాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సంగతి అవ్వకూ తెలియదు. ఆ మనిషికి తెలియదని మాత్రమే ఆమె తేల్చింది.

ఇప్పుడు ఫోన్లో తియ్యగా మాట్లాడేవాళ్లూ, గుమ్మంలో సంచి దించి ఆశలు పెట్టేవాళ్లూ ఎక్కువయ్యారు. నేనూ ఎవరినీ తొందరగా నమ్మను. ఆ అపనమ్మకాన్ని ముఖాన కనపడనివ్వను. వచ్చినవాళ్లకు కుర్చీ వేస్తాను, మజ్జిగ ఇస్తాను, చెప్పిందంతా వింటాను. ఆ తర్వాత, ఏమీ ఎరగనట్టు, అదే మాట ఇంకొకసారి అడుగుతాను.